సర్పశాస్త్రవేత్త పాట్రిక్ రసెల్

పాము అను మాట వినినంతనే మన మనస్సునందు రెండు భావములు పుట్టును. ఒకటి భయము, రెండవది భక్తి. నాగులచవితినాడు పుట్టయొద్దకు పోయి పాలు పోసి, చలిమిడియు చిమ్మిలియు నివేదించి మ్రొక్కుదుము. మఱునాడు చేనిగట్టున అట్టి పామే కంటబడెనేని కఱ్ఱకొఱకు పరుగెత్తుదుము. మ్రొక్కుటవలనగాని పరుగెత్తుటవలనగాని పామును గూర్చిన జ్ఞానము కలుగదు. ఏ పాము విషము గలది? ఏది విషము లేనిది? అది కఱచినచో శరీరమున నేమి మార్పులు కలుగును? లోకులు చెప్పుకొను మందులలో నిజముగా పనిచేయునది యేది? ఈ ప్రశ్నలకు ఉత్తరములు ఓపికతో చేసెడి పరిశీలనవలననే లభించును. రెండువందల సంవత్సరములకు పైబడిన కాలమునాడు మన తెలుగుతీరమున నివసించి, ఈ ప్రశ్నలను చేపట్టి, తాను కనుగొనిన దానిని అందఱకును తెలియునట్లు గ్రంథస్థము చేసిన వైద్యుడొకడు కలడు. ఆయనయే పాట్రిక్ రసెల్.

రసెల్ 1727వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో స్కాట్లండు దేశపు ముఖ్యపట్టణమగు ఎడింబరోలో జన్మించెను. తండ్రి జాన్ రసెల్ పేరుపడిన న్యాయవాది. బాల్యమున ఆయన ఆ నగరపు ఉన్నత పాఠశాలలో గ్రీకు, లాటిను భాషలను చక్కగా అభ్యసించెను. పిమ్మట ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థియై, శరీరనిర్మాణశాస్త్రమున ఖ్యాతి గాంచిన అలెగ్జాండర్ మన్రో అను ఆచార్యునికడ శిష్యుడయ్యెను. గ్రంథములలోని మాటను కంటితో చూచి పరీక్షించి మఱి విశ్వసించుట అను అలవాటు ఆయనకు విద్యార్థిదశయందే పట్టుబడెను. 1750లో వైద్యపట్టమును పొందెను.

ఆ కాలమున సిరియా దేశమునందలి అలెప్పో నగరము గొప్ప వర్తకస్థానము. ఒంటెల బారులపై పట్టు, నూలు, సుగంధద్రవ్యములు అచటికి వచ్చి చేరుచుండెను. ఇంగ్లండుకు చెందిన లెవాంట్ కంపెనీవారు అచట వర్తకశాలను నెలకొల్పియుండిరి. ఆ కంపెనీ వైద్యుడు మఱెవ్వరో కాదు, పాట్రిక్ రసెలునకు సవతియన్నయగు అలెగ్జాండర్ రసెల్. తమ్ముడు పట్టము పుచ్చుకొని అన్నయొద్దకు చేరెను. అలెగ్జాండర్ వైద్యము చేయుటతో తృప్తిపడువాడు కాడు. ఆ దేశపు చెట్లను, జంతువులను, ప్రజల ఆచారములను, వ్యాధులను శ్రద్ధతో గమనించి 1756లో అలెప్పో ప్రకృతిచరిత్రమను గ్రంథమును ప్రకటించెను. అన్నయడుగుజాడలయందు తమ్ముడును నడచెను. ఆయన స్వదేశమునకు మరలిపోగా పాట్రిక్ కంపెనీ వైద్యుడై, అరబ్బీభాషను నేర్చి, స్థానికులకు ఆప్తుడయ్యెను. ఆ నగరమునేలెడి పాషా ఆయనకు తలపాగాను బహూకరించి గౌరవించెను.

1760వ సంవత్సరమున అలెప్పోయందు మహామారి ప్రవేశించెను. మూడేండ్లపాటు విడిచి విడిచి విజృంభించి అది లెక్కలేనంత మందిని పొట్టనబెట్టుకొనెను. ఐరోపా వర్తకులు తలుపులు మూసికొని యిండ్లలో దాగియుండిరి. రసెల్ నగరమును విడువక రోగులను గమనించుచు, ఏ దినమున ఏ లక్షణము కనబడినది, ఎవరికి వ్యాధి యెట్లు సోకినది, ఎవరు బ్రతికిరి, ఎవరు మరణించిరి అనునది వ్రాసికొనుచుండెను. పెక్కేండ్ల తరువాత 1791లో ఆ వ్రాతలే మహామారిపై పెద్ద గ్రంథమయ్యెను. తరువాతి కాలమున విశాఖపట్టణమందు పాముకాటును గూర్చి ఆయన చేసిన పనికి అలెప్పోలోని యీ అలవాటే పునాది. ప్రాణాంతకమైన దానిని చూచి పారిపోక, తొందరపడి నిర్ణయింపక, చూచినది చూచినట్లు వ్రాయుట ఆయన పద్ధతి.

1771లో ఆయన అలెప్పోను విడిచెను. దారిలో ఐరోపా రేవులయందు అంటురోగుల నుంచెడి ప్రత్యేక గృహములను పరిశీలించుచు స్వదేశము చేరి లండనునందు వైద్యవృత్తి నవలంబించెను. 1777లో రాయల్ సొసైటీవారు ఆయనను తమ సభ్యునిగా నెన్నుకొనిరి. అప్పటికాయనకు ఏబదియేండ్లు. ఇక మిగిలిన జీవితమును నగరమందు సుఖముగా గడుపవచ్చును. కాని మఱియొక దూరదేశప్రయాణము ఆయనకు వ్రాసియుండెను.

రసెల్ సోదరులలో క్లాడ్ అను నాతడు ఈస్టిండియా కంపెనీ కొలువునందుండెను. ఆతనికి విశాఖపట్టణమునందు కంపెనీ వ్యవహారములను నడపు పెద్ద ఉద్యోగము లభింపగా, పాట్రిక్ ఆతనికి తోడుగా 1781లో ఓడ నెక్కి మఱుసటి యేడు విశాఖపట్టణము చేరెను. అప్పటికి ఉత్తర సర్కారులు కంపెనీవారి వశమై కొలదికాలమే అయ్యెను. ఒకవైపు సముద్రము, మఱియొకవైపు తూర్పు కనుమలు, నడుమ పొలములు, తాటితోపులు, వెదురుపొదలు గల ఆ సీమ, ప్రకృతిని పరిశీలించుటకై పుట్టిన రసెలునకు తెఱచిన గ్రంథమువలె తోచెను. ఆయన మొక్కలను సేకరింపసాగెను. జాలరులు తెచ్చెడి చేపలను తీసికొని వర్ణించి చిత్రములు వ్రాయింపసాగెను.

తమిళదేశమున తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి కంపెనీ కొలువున చేరిన కోనిగ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ రోజులలో ప్రసిద్ధుడు. ఆతడు స్వీడను దేశపు మహాపండితుడగు లిన్నేయసునకు శిష్యుడు. కంపెనీపక్షమున కర్ణాటకసీమ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండిన కోనిగ్ 1785లో మరణింపగా, ఆ స్థానమును రసెలునకిచ్చిరి. మొక్కలను, జంతువులను గూర్చి విచారించి తెలుపుట ఆయన విధి. అప్పుడాయన దృష్టి యొక ముఖ్యవిషయముపై నిలిచెను. అది పాముకాటు.

ఆ కాలపు పల్లెజీవనమును తలచుకొనుడు. పొలముననుండు కూలి, కట్టెలకై యడవికి పోవు స్త్రీ, రాత్రివేళ కావలియుండు రైతు, దండుతో నడచు సిపాయి, వీరందఱును చెప్పులు లేని కాళ్లతో చీకటిలో తిరుగువారే. పాము కఱచినచో కఱచినది యేదియో తెలియదు. కొందఱు ఏ చికిత్సయు లేకయే బ్రతుకుచుండిరి. కొందఱు ఎంత చికిత్స చేసినను మరణించుచుండిరి. బ్రతికినవాడు ఏ మందు మ్రింగెనో ఆ మందునకు కీర్తి కలుగుచుండెను. మరణించిన వానికి విధి మూడినదని చెప్పుకొనుచుండిరి. విషసర్పములను తక్కినవానినుండి వేఱుచేసి చూపెడి నమ్మదగిన పుస్తకమొకటియు నాడు లేదు. మొదట పామును గుర్తింపనిదే మందును గూర్చి మాటలాడుట వ్యర్థమని రసెల్ గ్రహించెను.

ఆయన పాములను తెప్పించుట మొదలిడెను. సజీవముగ తెచ్చినవానిని సజీవముగను, చచ్చినవానిని అట్లే పరీక్షించుచుండెను. పొడవెంత, మందమెంత అని కొలుచుచుండెను. కడుపుక్రింది అడ్డపొలుసులెన్ని, తోకక్రింది పొలుసులెన్ని అని లిన్నేయసు పద్ధతిని లెక్కించుచుండెను. రంగును, మచ్చల తీరును వర్ణించుచుండెను. నోరు తెఱచి కోఱలను చూచుచుండెను. చిత్రకారులచేత ఉన్నదున్నట్లు బొమ్మలు వ్రాయించుచుండెను. వీనితోపాటు మఱియొక పని కూడ చేసెను. అది మనకు మిక్కిలి ప్రియమైనది. స్థానికులు ఆ పామును ఏ పేరుతో పిలిచెదరో అడిగి, ఆ తెలుగుపేరును చెవికి వినబడినట్లు తన లిపిలో వ్రాసికొనెను. చింతనాగు, జెఱ్ఱిపోతు, పెద్దపొడ, బంగారుపాము, కాటుకరేకులపొడ మొదలగు మాటలు ఇట్లు ఆయన గ్రంథమున కెక్కినవి. విన్నదానిని ఆంగ్లాక్షరములలో బంధించుటచే కొన్నిటి రూపము మాఱినది. అయినను రెండువందల యేండ్లనాటి పల్లెవారి నోటిమాట ఆ పుటలయందు నేటికిని నిలిచియున్నది.

ఈ పేర్లలో ఒకటి లోకమంతటను వ్యాపించినది. పసుపు, నలుపు పట్టెలతో మెఱయు కట్లపాముజాతి యొకదానిని తెలుగువారు బంగారుపాము అనిరి. రసెల్ ఆ పేరును వ్రాసి బొమ్మను ప్రకటించెను. 1803లో ఫ్రాన్సు దేశపు పండితుడగు దోదెన్ ఈ జాతికంతకును శాస్త్రీయనామము పెట్టవలసివచ్చినపుడు ఆ తెలుగుమాటనే గ్రహించి బంగారస్ అని నామకరణము చేసెను. నేడు ఏ దేశపు సర్పశాస్త్రజ్ఞుడైనను కట్లపామును ప్రస్తావింపవలసినచో, తనకు తెలియకయే తెలుగుమాటను పలుకుచున్నాడు.

రసెల్ పరిశీలించిన పాములలో కాటుకరేకులపొడ యనునది ముఖ్యమైనది. దానినే మనము రక్తపింజర యనియు, కొన్ని తావుల పొడపాము అనియు పిలుచుచున్నాము. బలిసిన శరీరము, త్రికోణాకారమైన తల, గోధుమవన్నె మేనిపై మూడు వరుసలుగా గొలుసువలె సాగు నల్లయంచుల మచ్చలు దీని గుర్తులు. ఆ నల్లయంచులు కాటుక తీర్చినట్లుండుటచేతనే కాబోలు ఆ పేరు వచ్చినది. దీనిని సమీపించినచో చుట్టచుట్టుకొని కొలిమితిత్తివలె బుసకొట్టును. నాగుపాము పడగ విప్పుటచే దూరమునుండియే గుర్తింపబడును. దీనికి పడగ లేదు. మందముగా పడియుండి కొండచిలువపిల్లయేమో అను భ్రమను పుట్టించును. అందుచే దీనివలని అపాయము నాడు చదువుకొన్నవారికి సరిగా తెలియలేదు. 1787లో రసెల్ దీని చర్మమును మదరాసునకు పంపుచు, ప్రాణాంతకత్వమున నాగుపాము తరువాత లెక్కింపదగినది యిదియేయని తెలిపెను. పదియేండ్లకు, 1797లో, ఆంగ్లపండితులగు షా, నాడర్ అనువారు ఈ పామునకు రసెల్ పేరిట శాస్త్రీయనామమిచ్చిరి. తరువాత జాతినామము మాఱినను రసెల్ పేరు మాత్రము దానిని విడువలేదు.

విషసర్పమును పైరూపుచే గుర్తించుటకు సులభమైన యుపాయమేదైన దొరకునేమోయని ఆయన చాల వెదకెను. తల యాకారమా, తోక పొట్టితనమా, పొలుసుల సంఖ్యయా, రంగా అని యొక్కొక్కదానిని పరీక్షించెను. ఒక్క గుర్తును అన్ని పాములకు సరిపడలేదు. రక్తపింజరకు తల వెడల్పు. విషముగల కట్లపామునకు తల సన్నము. కడపటికి కోఱలను చూచుటకు మించిన నిశ్చయమైన గుర్తు లేదని ఆయన తేల్చెను. తాను ఆశించిన సులభమార్గము దొరకలేదని వ్రాయుటకు ఆయన వెనుకాడలేదు.

మందుల విషయమునను ఇదే నిష్ఠను చూపెను. ఆ దినములలో తంజావూరు మాత్ర యను నౌషధము పాముకాటునకు దివ్యమైన మందని పేరు మ్రోగుచుండెను. రసెల్ దానిని తెప్పించి పరీక్షింపగా అందు పాషాణము కలదని తేలెను. కుక్కలపైనను కోళ్లపైనను పాములచేత కఱపించి, మందు వేసినవాని గతియు వేయనివాని గతియు పోల్చి చూచి, లక్షణములను గడియగడియకు వ్రాసెను. పేరుమ్రోగిన ఔషధములయందు విశ్వసింపదగిన శక్తి ఆయనకు కనబడలేదు. మూగజీవులకు కలిగిన ఈ బాధను చదువునపుడు నేటి విద్యార్థులకు మనస్సు కష్టపడును. అది సహజమే. విషబలము నెఱుగుటకు ఆనాడు మఱియొక మార్గము తెలియదు. నేడట్టి ప్రయోగములకు చట్టములును నియమములును ఏర్పడినవి.

మందులు పనిచేసినట్లు తోచుటకు కారణమేమో మనకిప్పుడు స్పష్టముగా తెలియును. దేశమందలి పాములలో హెచ్చుపాలు విషములేనివే. విషసర్పము కూడ ఒక్కొక్కప్పుడు విషము విడువకయే కఱచును. అట్టి కాటు తగిలినవాడు ఏ వేరు నమలినను, ఏ మంత్రము వేయించుకొన్నను, ఏమియు చేయకున్నను బ్రతుకును. ఈ రహస్యమును గుర్తింపనంతకాలము ప్రతి గ్రామమందును ఒక దివ్యౌషధము వెలయుచునేయుండును. విషము నిజముగా నెక్కినవాడు దానిని నమ్ముకొని కాలము గడిపి ప్రాణములు కోలుపోవును.

రసెల్ దృష్టి పాములకే పరిమితము కాలేదు. మన యడవులలోని వెదురుకణుపులయందు వెదురుప్పు అను తెల్లని గట్టిపదార్థము ఒక్కొక్కప్పుడు దొరకును. వైద్యులు దానిని ఔషధములలో వాడుచుండిరి. రసెల్ దానిని సేకరించి వివరించిన లేఖ 1790లో రాయల్ సొసైటీవారి పత్రికలో ప్రకటింపబడినది. మఱుసటి యేడు జేమ్స్ మేసీ అను యువకుడు దానిని రసాయనపరీక్ష చేసి, అది యిసుకకు మూలమైన సిలికావంటి పదార్థమని నిరూపించెను. తరువాత స్మిత్సన్ అని పేరు మార్చుకొన్న యీ మేసీ వ్రాసిపెట్టిన ధనముతోనే అమెరికాలోని సుప్రసిద్ధమైన స్మిత్సోనియన్ సంస్థ స్థాపింపబడినది.

వెదురుపొదలనుండియే రసెలునకు మఱియొక విచిత్రమైన పాము లభించెను. స్థానికులు దానిని బొద్రుపాము అనిరని ఆయన వ్రాసెను. ఆకుపచ్చని మేను, వెడల్పైన తల, సన్నని మెడ, కొమ్మను చుట్టి పట్టుకొనగల తోక దీని లక్షణములు. ఇది తూర్పు కనుమల యడవులలోను, నల్లమలలోను నేటికిని కలదు. పగలు ఆకులలో ఆకువలె కదలక యుండి, రాత్రివేళ కప్పలను, బల్లులను, చిన్న పక్షులను వేటాడును. గ్రుడ్లు పెట్టక పిల్లలను కనును. 1802లో షా దీనికి శాస్త్రీయనామమిచ్చినప్పుడు రసెల్ వర్ణనయే ఆధారమైనది.

ఈ పాము ముఖమున ముక్కునకును కంటికిని నడుమ ఇరువైపుల చిన్న గుంట యొకటి కలదు. రసెల్ దానిని గమనించెను. నాగుపామునందు, రక్తపింజరయందు అట్టి గుంట లేదు. అమెరికాఖండమునందలి గిలకపాములలో మాత్రము సరిగా అదే చోట అట్టి గుంటయే కనబడుచున్నది. తోకచివర గల్లుమను గిలకను ధరించిన ఆ పాములకును, ఏడుసముద్రముల కావల మన వెదురుపొదలలోని పచ్చపామునకును ఈ పోలిక యేల కలిగెను? తన డెబ్బదియేడవ యేట, 1804లో, రసెల్ ఈ గుంటలను గూర్చి వ్యాసమొకటి ప్రకటించెను. శరీరనిర్మాణపండితుడగు ఎవరార్డ్ హోమ్ వానిని కోసి చూచి తన వివరణమును జతచేసెను. గుంటకు ముక్కుతోగాని చెవితోగాని సంబంధము లేదని తెలిసినదేకాని అది చేయు పని యేదియో వారికి తేలలేదు.

ఆ ప్రశ్నకు ఉత్తరము నూటముప్పదియేండ్లకు పైబడి తరువాత లభించెను. 1937లో నోబుల్, ష్మిడ్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞులు గిలకపాముల కన్నులు మూసి ప్రయోగములు చేసి, ఆ గుంట వేడిని కనిపెట్టు ఇంద్రియమని చూపిరి. 1952లో బుల్లక్, కౌల్స్ అనువారు గుంటలోని నరములయందు పుట్టెడి విద్యుత్తును కొలిచి ఆ మాటను స్థిరపఱచిరి. కటికచీకటిలో ఎలుక శరీరమునుండి వచ్చు వెచ్చదనమును ఈ పాములు గుర్తింపగలవు. ఒకే పూర్వవంశమునుండి వచ్చినవగుటచే ఈ గుంట రెంటికిని సమానమయ్యెను. కావున గిలకపాములు, మన బొద్రుపాము దాయాదులు.

గిలకపాములు ఎడారులయందే యుండునని పలువురు తలంతురు. అరిజోనా, మెక్సికో దేశములలోని ఎత్తైన కొండలమీద నివసించు చిన్నజాతి కూడ కలదు. 1895లో వర్ణింపబడిన ఆ జంటమచ్చల గిలకపాము పొడవు రెండడుగులకు మించుట అరుదు. కొండవాలున జాఱిపడిన రాళ్లగుట్టల సందులయందు అది బల్లులను తిని జీవించును. చలికాలమంతయు ఆ రాళ్లక్రిందనే దాగియుండి, ఎండ తగిలిన దినములలో వెలికివచ్చును. ఇదియు పిల్లలనే కనును. దాని గిలక సవ్వడి యెంత మెల్లగ నుండుననగా కీటకము రొదయని పొరపడుదురు. మన రాయలసీమ రాతినేలలందలి చిన్నపింజరకు గిలక లేదు. అది మెలికలు తిరిగి, ఱంపపుపండ్లవంటి పొలుసులను ఒకదానితో నొకటి రాచి గరగరధ్వని చేయును. హెచ్చరిక చేయు విధములు వేఱైనను రెండింటి యుద్దేశమొక్కటే. తన్ను త్రొక్కవలదని అవి మనకు తెలుపుచున్నవి.

1789వ సంవత్సరారంభమున రసెల్ తాను సేకరించిన పాములను మదరాసునందు కంపెనీవారి కప్పగించి ఇంగ్లండునకు బయలుదేరెను. ఆయన స్థానమును సామర్లకోట ప్రాంతమున కృషి చేయుచుండిన విలియం రాక్స్‌బరో అలంకరించెను. రసెల్ ఆ మిత్రుని మఱువలేదు. 1795లో రాక్స్‌బరో కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము వెలువడుటకు తోడ్పడి, దానికి పీఠిక వ్రాసెను. 1794లో అన్న వ్రాసిన అలెప్పో చరిత్రను పెంచి తిరిగి ముద్రించెను. 1796లో కోరమాండలు తీరపు సర్పములను గూర్చిన తన మహాగ్రంథమును రంగులబొమ్మలతో ప్రకటించెను. 1803లో విశాఖపట్టణపు చేపలు రెండువందలను వర్ణించు గ్రంథము రెండు సంపుటములుగా వెలువడెను. సర్పగ్రంథపు రెండవ సంపుటము 1801 మొదలుకొని భాగములుగా వచ్చుచుండెను. అది ముగియకమునుపే, 1805వ సంవత్సరము జులై 2వ తేదీన, మూడుదినముల జబ్బుతో ఆయన లండనునందు కన్నుమూసెను. ఆయన వివాహము చేసికొనలేదు. మిగిలిన భాగములు 1809 నాటికి పూర్తియైనవి.

రసెల్ పాముకాటునకు మందు కనుగొనలేదు. అది ఆయన మరణించిన తొంబదియేండ్లకు లభించెను. 1890ల దశకమున కాల్మెట్ అను ఫ్రెంచి వైద్యుడు పామువిషమును కొలదికొలదిగా జంతువుల శరీరములోనికి ఎక్కించి, వాని రక్తమందు పుట్టెడి ప్రతివిషమును మనుష్యులకు సూదిమందుగా నుపయోగించు మార్గమును చూపెను. నేడు మన దేశమున గుఱ్ఱముల సహాయముతో తయారగు సూదిమందు నాలుగు పాముల విషమునకు విఱుగుడు. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆశ్చర్యమేమనగా ఆ నాలుగింటి బొమ్మలును రసెల్ 1796వ సంవత్సరపు సంపుటమందు కలవు. రోగిని రక్షించుటకు ముందు శత్రువును గుర్తింపవలెనను ఆయన తలంపు ఇట్లు ఫలించినది. ఇంతేకాక రక్తపింజర విషమునకు రక్తమును గడ్డకట్టించు శక్తి కలదు. నెత్తురు ఆగని వ్యాధి గలవారి గాయములపై దానిని మిక్కిలి పలుచన చేసి వాడి, 1934లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అను వైద్యులు మేలు కనుగొనిరి. నేటికిని ఆసుపత్రులలో రక్తపరీక్ష యొకటి ఈ పామువిషముతో జరుగుచు రసెల్ పేరును మోయుచున్నది.

ఆయన చేపట్టిన పని యింకను ముగియలేదు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే సుమారు పండ్రెండులక్షలమంది మరణించియుందురని శాస్త్రజ్ఞులు 2020లో అంచనా వేసిరి. వీరిలో అధికసంఖ్యాకులు పల్లెటూరివారు. ఆంధ్రప్రదేశము ఈ బాధ హెచ్చుగా గల రాష్ట్రములలో నొకటి. కడప జిల్లాలో పాపఘ్నినది కొండలను చీల్చుకొని వచ్చు గండిక్షేత్రమునకు చేరువనున్న వేంపల్లెవంటి ఊళ్లను చూడుడు. వేరుసెనగచేలలో ఎలుకలు చేరును. ఎలుకలకై రక్తపింజర వచ్చును. రాళ్లకట్టలలో చిన్నపింజర దాగియుండును. తీగ పెఱుకు వేళ, రాయి తొలగించు వేళ, రాత్రి నీరు కట్టు వేళ అపాయము పొంచియుండును. చేత దీపము, కాలికి చెప్పులు, చేయిపెట్టుటకు ముందు కఱ్ఱతో కదలించి చూచుట అను మూడు జాగ్రత్తలు పెక్కు ప్రాణములను కాపాడును. కాటు తగిలినచో కోయుట, పీల్చుట, గట్టిగ బిగించి కట్టుట తగదు. రోగికి ధైర్యము చెప్పి, కఱచిన అవయవమును కదలనీయక, క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను.

బాలబాలికలారా! పాట్రిక్ రసెల్ పరాయిదేశస్థుడు. వర్తకమునకై వచ్చి రాజ్యమేలిన కంపెనీ కొలువునందుండినవాడు. అయినను మన పల్లెవారి మాటను చిన్నచూపు చూడక, వారికి తెలిసిన పేర్లను శ్రద్ధతో అడిగి వ్రాసికొనెను. వారు నమ్మిన మందులను మాత్రము పరీక్షింపక నమ్మలేదు. ఎఱిగినవారినుండి నేర్చుకొనుట, నేర్చుకొన్నదానిని పరీక్షించి చూచుట, దొరకనిదానిని దొరకలేదని నిజము పలుకుట అను మూడు గుణములును ఆయనయందు కలవు. పుట్టకు మ్రొక్కునపుడును, పొలమున పాముపొడ కనబడినపుడును ఆయనను ఒక్కసారి స్మరింపుడు. భయమును జయించుటకు మొదటిమెట్టు ఆ భయపెట్టెడి వస్తువును నిదానించి చూచి, దాని నిజమైన పేరును తెలిసికొనుటయే.